"కొరత లేదు" అని చెప్తే మీకూ భయమేస్తుందా?

నీలిసిరా
పొద్దున లేచి ఫోన్ చూస్తే మెసేజి. ఫలానా మందుకి ఎలాంటి కొరతా లేదు, నిల్వలు పుష్కలంగా ఉన్నాయి, ప్రజలు ఆందోళన చెందాల్సిన అవసరం లేదు, వదంతులు నమ్మవద్దు అని. మందు పేరు ఇక్కడ రాయను, మళ్ళీ అదో గోల. మా నాన్న రోజూ వేసుకునేది. నిజం చెప్తున్నా, ఆ నిమిషం దాకా నాకు ఆ ఆలోచనే లేదు. ఏ వదంతీ నా దాకా రాలేదు కూడా. మెసేజి చదివాక మాత్రం మొహం కడుక్కుని సరాసరి షాపుకి పోయి మూడు నెలలకి సరిపడా తెచ్చేశా. నా వెనక క్యూలో పదకొండు మంది, అందరి చేతుల్లో అదే మెసేజి.

ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే సిగ్గుగానూ ఉంది, ఒళ్ళు మండుతూనూ ఉంది. ఎవడూ అడక్కముందే లేదు లేదు అనడం ఏంటండీ, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఈ భాష ఎవరు రాస్తారు? ఏళ్ళ తరబడి ఒకటే వాక్యం, మందు పేరు మారుతుందంతే.

గోడమీదపిల్లి
"పుష్కలంగా" అన్న మాట చెవిన పడితే నేను సంచి వెతుక్కుంటా.

మాత్రలమూర్తి
కౌంటర్ ఇవతల నుంచి చెప్తా వినండి. నా దగ్గర ఆ మందు మామూలు అమ్మకం లెక్కన నలభై రోజులకి సరిపడా ఉండింది. మెసేజి వచ్చిన రోజు సాయంత్రం నాలుక్కి అయిపోయింది. డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేస్తే షాపుకి ఇన్ని అని కోటా పెట్టామండీ అన్నాడు, ఎందుకంటే నాలాంటోళ్ళు అందరూ అదే రోజు ఫోన్ చేశారు. అంటే పొద్దున లేని కొరత సాయంత్రానికి నిజంగానే వచ్చింది, తెచ్చింది నీలిసిరా గారి లాంటి పెద్దమనుషులే, ఏమనుకోకండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనిషికి ఒక్క స్ట్రిప్పే ఇస్తా అంటే 'ఓహో అయితే లేదన్నమాట' అని ఇంకో నలుగుర్ని పంపిస్తాడు. ఎన్నైనా తీసుకో అంటే ఉన్నవి ఊడ్చుకుపోతాడు. ఏం మాట్లాడినా తప్పే.

నీలిసిరా
ఏమీ అనుకోను మూర్తిగారూ, తప్పు నాదే. కానీ మా నాన్నకి మందు ఆగిపోతే ఆ మెసేజి రాసినాయన వచ్చి ఇవ్వడు కదా.

రిటైర్డ్_గుమాస్తా
ఆ మెసేజి రాసిన బాపతు మనిషిని నేనే. ఇదే మెసేజి కాదులెండి, ఇరవై ఏళ్ళు ఒక కార్యాలయంలో పత్రికా ప్రకటనలు రాశాను. ఏ కార్యాలయమని అడగొద్దు, పింఛను వస్తోంది.

మాకు ఒక మెట్ల వరస ఉండేది. ఎవరూ కాగితం మీద పెట్టలేదు గానీ అందరికీ తెలుసు. మొదట "కొరత లేదు". తర్వాత "సరఫరాలో స్వల్ప జాప్యం". ఆ పైన "సాంకేతిక కారణాల వల్ల తాత్కాలిక అంతరాయం". అదీ దాటితే "కొందరు స్వార్థపరులు సృష్టించిన కృత్రిమ కొరత". చివరి మెట్టు "అక్రమ నిల్వదారులపై ఉక్కుపాదం". ఉక్కుపాదం అన్నారంటే గోడౌన్‌లో ఎలుకలు తప్ప ఏమీ లేవని మా సెక్షన్లో అర్థం. ఈ అయిదింటిలో 'మా దగ్గర ఇంతే ఉంది' అన్న వాక్యం ఎక్కడా లేదు, గమనించారా? ఒకసారి చిత్తుప్రతిలో అంకె రాశాను, పదహారు రోజుల నిల్వ ఉంది అని. పైఅధికారి ఎర్రసిరాతో కొట్టేసి "తగినంత" అని రాశాడు. అంకె రాస్తే రేపు అంకె అడుగుతారు, తగినంత అంటే ఎవడికి తగినంతో ఎవడూ అడగడు అన్నాడు.

గోడమీదపిల్లి
మా ఇంట్లో కూడా నా జీతం తగినంత.

లెక్కలపంతులమ్మ
గుమాస్తా గారి పోస్టు ప్రింటు తీసి పిల్లలకి పాఠంలా చెప్పొచ్చు. నేను లెక్క వైపు నుంచి వస్తా. నెలకోసారి కొనే వస్తువు ఉందనుకోండి, ఏ రోజు చూసినా ఊళ్ళో ముప్పయ్యో వంతు మందే షాపుకి వస్తారు. షాపులూ సరఫరా అంతా ఆ ముప్పయ్యో వంతుకే కట్టిన ఏర్పాటు. ఒక్క రోజు పదో వంతు మంది వచ్చారంటే చాలు, అరలు ఖాళీ. ఎవరూ దాచక్కర్లేదు, దురాశ అక్కర్లేదు, రేపు కొనాల్సింది ఇవాళ కొంటే చాలు.

1973లో జపాన్‌లో సరిగ్గా ఇదే. చమురు సంక్షోభం మొదలైంది, కాగితం పొదుపుగా వాడండని ప్రభుత్వం వాళ్ళు అన్నారు, నెల తిరక్కుండా ఒసాకా పక్కన సెన్రి అనే కాలనీలో టాయిలెట్ పేపర్ కోసం జనం తోసుకున్నారు, టీవీల్లో చూసి దేశమంతా తోసుకుంది. అదే డిసెంబర్లో ఐచి ప్రాంతంలో రైల్లో హైస్కూల్ అమ్మాయిలు బ్యాంకు ఉద్యోగం సేఫేనా కాదా అని సరదాగా అనుకున్న మాట చెవులు మారీ మారీ ఒక చిన్న బ్యాంకు దివాలా అని తేలింది. వారం తిరిగేసరికి డిపాజిటర్లు బ్యాంకు ముందు బారులు తీరారు. బ్యాంకుకి అప్పటిదాకా ఏ రోగమూ లేదు.

డెస్క్_నైట్‌షిఫ్ట్
అదే నెల అమెరికాలో ఇంకా ఘోరం మేడమ్. 1973 డిసెంబర్ 19 రాత్రి జానీ కార్సన్ అనే హాస్యగాడు తన టీవీ షోలో టాయిలెట్ పేపర్ కొరత వస్తోందట అని జోకేశాడు. తెల్లారి అరలు ఖాళీ. తర్వాత కొరత లేదు బాబూ అని ఆయనే చెప్పుకోవాల్సొచ్చింది. జోకుకే అంత పవర్ ఉంటే సీరియస్‌గా రాసిన ప్రకటనకి ఎంతుండాలి.

సందేహాలరావు
అందరూ ప్రకటన రాసినోళ్ళనే తిడుతున్నారు. సరే, ఏం చెయ్యమంటారు? నోరు మూసుకుంటే 'దాస్తున్నారు' అంటారు. లేదు అంటే పరిగెత్తుతారు. ఉంది అంటే ఇంకా పరిగెత్తుతారు. 2021 సెప్టెంబర్లో బ్రిటన్‌లో పెట్రోల్ కథ చూడండి, అక్కడ పెట్రోల్‌కి కొరత నిజంగానే లేదు, ట్యాంకర్లు నడిపే డ్రైవర్లకి కొరత. కొన్ని బంకులు మూస్తారన్న వార్త బయటికి పొక్కింది. మంత్రులు నిజమే చెప్పారు, ఇంధనం ఉంది, మామూలుగానే కొట్టించుకోండి అని. బంకుల ముందు మైళ్ళ క్యూలు. అక్టోబర్ 4 నుంచి సైనికులు ట్యాంకర్లు తోలారు. మరి నిజం చెప్పినా అంతే అయినప్పుడు భాషని అని ఏం లాభం?

డెస్క్_నైట్‌షిఫ్ట్
"ఇంధనం ఉంది" నిజం, "బంకుకి రాదు" కూడా నిజం. వాళ్ళు మొదటి నిజం గట్టిగా చెప్పి రెండోది మింగారు రావుగారూ. కారున్నవాడికి కావాల్సింది రెండోది. రిఫైనరీలో ఎంతుంటే నాకేంటి.

మా పాపం కూడా ఒప్పుకుంటా. హెడ్డింగ్‌లో "కటకట" అన్న మాట మాకు మహా ఇష్టం. నాలుగక్షరాలు, ఏ కాలమ్‌లో అయినా ఇరుకుతుంది. నీళ్ళకి కటకట, మందులకి కటకట, మంచాలకి కటకట. పక్కన క్యూ ఫొటో పడాల్సిందే. ఫొటో తెచ్చేవాడు కూడా క్యూ పొడుగ్గా కనపడే కోణం చూసుకునే తీస్తాడు. కింద చిన్నక్షరాల్లో "కొరత లేదు: అధికారులు". పాఠకుడు ఏది నమ్ముతాడో మాకు తెలుసు.

పర్చేజ్_సెక్షన్
జనాన్నే అంటున్నారు గానీ కంపెనీలు చేసేది చూస్తే మీ క్యూలు ఏ మూలకి. 2021లో చిప్‌ల కొరత అని ప్రపంచమంతా మొత్తుకున్నప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్ళు చూసేవాణ్ణి. సప్లయర్ యాభై వారాలు పడుతుంది అన్నాడు. మేమేం చేశాం, అదే పార్టుని ముగ్గురి దగ్గర ఆర్డర్ పెట్టాం, ఎవడు ముందిస్తే వాడిది తీసుకుని మిగతావి క్యాన్సిల్ కొడదామని. మా పోటీ కంపెనీ కూడా అదే చేసుంటుంది, వాళ్ళ కొనుగోలుదారుడు నా పాత రూమ్మేటు, నాకు తెలుసు. అంటే పదివేలు కావాల్సిన చోట ముప్పయ్ వేలు కావాలని తయారీదారుడికి కనపడింది, వాడు చూసి అమ్మో గిరాకీ మూడు రెట్లు అని ఇంకో ఇరవై వారాలు పెంచాడు. వార్తల్లో 'కొరత తీవ్రం'. అది చదివి మా ఎండీ ఇంకో పదివేలు పెట్టమన్నాడు. ఏడాదిన్నర తర్వాత మూడు ఆర్డర్లూ ఒకే నెలలో దిగాయి, సెక్యూరిటీ వాళ్ళ గదిలో కూడా అట్టపెట్టెలు పేర్చాం. కొరత మొత్తం అబద్ధం అనను, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కార్ల కంపెనీలు ముందు ఆర్డర్లు రద్దు చేసుకుని మళ్ళీ ఎగబడ్డాయి, అది నిజం. కానీ పేపర్లో కనపడిన సైజులో సగం మాలాంటోళ్ళ భయం.

షిఫ్ట్_సూపర్‌వైజర్
వస్తువుల ముచ్చట అయింది, మనుషుల ముచ్చట జెప్త. "కార్మికుల కొరత" అని పేపర్ల రాస్తరు కదా, అది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తది. మా దగ్గర రాత్రి షిఫ్టుకు మనుషులు దొరుకుతలేరు అని మేనేజ్‌మెంటు మీటింగ్ మీద మీటింగ్. ఇప్పటి పిల్లలకు ఒళ్ళొంగదు అని ఒకాయన, చదువులే సక్కగ లేవు అని ఇంకొకాయన. ఆఖరికి షిఫ్ట్ అలవెన్సు పెంచి ఇంటికాడికి బండి పెట్టిన్రు. పదిహేను రోజులల్ల లైన్ నిండింది. గప్పుడు ఎవ్వడు పేపర్ల రాయలే "జీతం కొరత తీరింది" అని.

సందేహాలరావు
అన్నిచోట్లా కుదరదు బ్రదర్. నర్సుని తయారు చెయ్యాలంటే మూడునాలుగేళ్ళు పడుతుంది. జీతం రెట్టింపు చేస్తే పక్క ఆస్పత్రి నర్సు ఇక్కడికొస్తుంది, ఇక్కడి కొరత అక్కడికి పోతుంది.

షిఫ్ట్_సూపర్‌వైజర్
అది నిజమే అన్నా, ఒప్పుకుంట. కానీ చదివిన నర్సులు ఎంతమంది పని ఇడ్శిపెట్టి ఇంట్ల కూసున్నరో గది కూడ లెక్కవెట్టాలె కదా. కొరత అంటే అసలు లేకపోవుడా, ఉండి రాకపోవుడా?

లెక్కలపంతులమ్మ
"ఉండి రాకపోవుడా". ఈ ఒక్క మాట మీద అమర్త్య సేన్ 1981లో పుస్తకమే రాశారు. 1943 బెంగాల్ కరువు లెక్కలు తీసి చూస్తే ఆ ఏడాది తిండిగింజల లభ్యత అంతకు ముందు అయిదేళ్ళ సగటు కన్నా సుమారు 5 శాతమే తక్కువ, 1941 కన్నా అయితే ఎక్కువే. 1941లో కరువు లేదు. 1943లో దాదాపు ముప్పయ్ లక్షల మంది పోయారని అంచనాలు. గింజలు ఉన్నాయి, కూలివాడి చేతిలో కొనే శక్తి పోయింది. ఆయన లెక్కల్ని తప్పు పట్టినవాళ్ళూ ఉన్నారు, పంట నష్టం ఇంకా ఎక్కువని. ఏమైనా 'కొరత' అన్న ఒక్క మాట కింద రెండు వేరే వేరే జబ్బులున్నాయని తేలింది.

రిటైర్డ్_గుమాస్తా
బెంగాల్ మాట వచ్చింది కాబట్టి కాగితం సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పటి ప్రభుత్వం అధికారికంగా "కరువు" అని ప్రకటించనే లేదు. ప్రకటిస్తే ఫామిన్ కోడ్, అంటే కరువొస్తే సర్కారు ఏం చెయ్యాలో రాసిపెట్టిన నిబంధనల ప్రకారం పనులు పెట్టాలి, తిండి పెట్టాలి, అదంతా మెడకి చుట్టుకుంటుంది. ఆ పదం వాడకుండా నెట్టుకొచ్చారు. 1943 ఆగస్టు 22న కలకత్తాలో స్టేట్స్‌మన్ పత్రిక వీధుల్లో పడున్న మనుషుల ఫొటోలు వేశాక గానీ బయటి ప్రపంచానికి కళ్ళు తెరుచుకోలేదు. ఒక మాటని కాగితం మీదికి రానివ్వకపోవడంలో ఎంత పని ఉందో నా సర్వీసులో నేను చూసింది ఆవగింజంత.

డెస్క్_నైట్‌షిఫ్ట్
మాట మార్చడం ఇప్పుడూ ఉంది సార్. 2016లో మన వాతావరణ శాఖ అనావృష్టి అనే అర్థమొచ్చే ఇంగ్లీషు పదాన్ని తన పదకోశంలోంచి తీసేసి "లోటు సంవత్సరం" అని పెట్టుకుంది. వాళ్ళ వాదన వాళ్ళకుంది, మేం వాన కొలుస్తాం, పొలం ఎండిందో లేదో చెప్పడం మా పని కాదు అని. సబబే అనిపిస్తుంది కూడా. కానీ లోటు అంటే బ్యాంకు పాస్‌బుక్‌లా వినపడుతుంది, కరువు అంటే గొంతెండుతుంది.

కిరణ్_రెండోసారి
2021 జులై 20న రాజ్యసభలో ఆక్సిజన్ మీద జవాబు గుర్తుందా ఎవరికైనా? ఆక్సిజన్ లేక చనిపోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదు అని. ఆ ఏప్రిల్, మేలలో సిలిండర్ కోసం తిరిగిన నాలాంటోడు ఆ వాక్యం చదివి ఏమనుకోవాలి? మా బాబాయి ఏ గడిలో ఉన్నాడు?

రిటైర్డ్_గుమాస్తా
కిరణ్ గారూ, వృత్తిపరంగా చెప్తున్నా, ఆ వాక్యంలో అబద్ధం లేదు. నివేదించలేదు అన్నారు, జరగలేదు అనలేదు. ఫారంలో ఆ గడి లేకపోతే ఎవరూ నింపరు, నింపని గడి సున్నా అవుతుంది. నేనూ అలాంటివి రాశాను. ఇప్పుడు తల్చుకుంటే నిద్ర పట్టదు.

కిరణ్_రెండోసారి
థాంక్స్ సార్. ఇంతకన్నా ఏం రాయాలో తెలీట్లేదు.

గోడమీదపిల్లి
(జోకు రాసి చెరిపేశాను.)

మాత్రలమూర్తి
కోవిడ్ మొదట్లో మాస్కులది ఇంకో రకం. 2020 ఫిబ్రవరి 29న అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు, మాస్కులు కొనడం ఆపండి, మామూలు జనానికి అవి పని చెయ్యవు అని ట్వీట్ పెట్టాడు, అదే నోటితో ఆస్పత్రి వాళ్ళకి దొరక్కపోతే ప్రమాదం అన్నాడు. నా కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ అడిగింది, పని చెయ్యకపోతే డాక్టర్లకెందుకు నాయనా అని. నా దగ్గర జవాబు లేదు. ఏప్రిల్ 3న అందరూ గుడ్డ మాస్కు కట్టుకోండి అన్నారు. 'తక్కువున్నాయి, ముందు డాక్టర్లకిద్దాం' అని ఒక్క ముక్క చెప్పుంటే ఆ పెద్దావిడ ఊరుకునేది, ఆవిడ వయసుకి నాకన్నా ఎక్కువ కొరతలు చూసుంటుంది. ఆ తర్వాత టీకా గురించి నేనేం చెప్పినా నా మొహంలోకి ఓ రకంగా చూసేది.

నీలిసిరా
అయితే నిజం అంకెతో సహా చెప్పిన వాళ్ళు ఎక్కడైనా ఉన్నారా? ఉంటే ఏమైంది?

లెక్కలపంతులమ్మ
దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ ఉందిగా, 2018. వరసగా మూడేళ్ళు వానల్లేవు. ఫలానా తేదీకి కుళాయిలు కట్టేస్తాం అని "డే జీరో" పెట్టారు, ఆనకట్టల్లో ఎంత శాతముందో వారం వారం చెప్పారు, ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకి 50 లీటర్లు అని గీత గీశారు. డే జీరో వస్తే 25 లీటర్లు, అదీ క్యూలో నిలబడి పట్టుకోవాలి. నగరం వాడకం మూడేళ్ళ కిందటితో పోలిస్తే సగం కన్నా తక్కువకి పడిపోయింది. తేదీ వెనక్కి జరిగీ జరిగీ, వాన పడి, ఆ రోజు రానే లేదు.

సందేహాలరావు
రానందుకు ఏమన్నారో కూడా చెప్పండి మేడమ్. ఊరికే బెదిరించారు, అంతా నాటకం అన్నవాళ్ళున్నారు. జనం పొదుపు చేశారు కాబట్టే పులి రాలేదు, పులి రాలేదు కాబట్టి నాన్నా పులి అన్నవాడు అబద్ధాలకోరు. ఈ ఉద్యోగం నాకిచ్చినా చెయ్యను.

డెస్క్_నైట్‌షిఫ్ట్
ఇంకోటి, ఆ నగరంలోనే రేకుల ఇళ్ళ బస్తీల్లో ఉండేవాళ్ళు అంతకు ముందు కూడా వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడేవాళ్ళే. వాళ్ళకి డే జీరో రోజూ ఉంది, కొత్తగా పేరు పెట్టలేదంతే. స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇంటి కుళాయి ఆగుతుందనేసరికి దానికి పేరూ తేదీ కౌంట్‌డౌనూ వచ్చాయి. నేను హెడ్డింగులు పెట్టేవాణ్ణి కదా, ఎవరింట్లో లేకపోతే అది కొరతో, ఎవరింట్లో లేకపోతే అది మామూలో నాకు బాగా తెలుసు.

షిఫ్ట్_సూపర్‌వైజర్
గిది మంచిగ జెప్పినవ్ అన్నా.

పర్చేజ్_సెక్షన్
సోవియట్ వాళ్ళు ఈ విషయంలో భాషని దాచలేదు, కొత్తదే పుట్టించుకున్నారు. కొన్నాను అనేవాళ్ళు కాదట, "సంపాదించాను" అనేవాళ్ళట. షాపులో అమ్ముతున్నారు అని కాదు, "ఇస్తున్నారు" లేదా "బయటికి విసిరారు". క్యూ కనపడితే ముందు చివర నిలబడి, తర్వాత అడిగేవాళ్ళు ఏం ఇస్తున్నారు అని. హంగరీ ఆర్థికవేత్త కోర్నాయ్ 1980లో దీని మీదే పెద్ద గ్రంథం రాశాడు, కొరత అక్కడ ప్రమాదం కాదు, ఆ వ్యవస్థ నడిచే పద్ధతే అదని. ప్రభుత్వ పత్రికలో మాత్రం ఉత్పత్తి ఎప్పుడూ లక్ష్యాన్ని మించే ఉండేది.

గోడమీదపిల్లి
ఈ చర్చలో నేను కూడా ముందు నిలబడి తర్వాత అడుగుతున్నా, ఏం ఇస్తున్నారు?

సందేహాలరావు
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. గుమాస్తా గారూ, రేపు మిమ్మల్ని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి నీలిసిరా గారి మందు మీద ప్రకటన రాయమంటే ఏం రాస్తారు? నాలుగు లైన్లు, రాసి చూపించండి.

రిటైర్డ్_గుమాస్తా
అడిగారు కాబట్టి రాస్తున్నా. "ఈ మందు తయారుచేసే రెండు ఫ్యాక్టరీల్లో ఒకటి మరమ్మతులో ఉంది. ఈ రోజు షాపుల్లో, గోడౌన్లలో కలిపి 38 రోజులకి సరిపడా ఉంది. తదుపరి సరుకు 24వ రోజున వస్తుంది. ఒక నెలకి మించి కొంటే మీ వీధిలోనే ఇంకొకరికి అందదు. పది రోజుల లోపు మందు అయిపోయేవాళ్ళకి ముందు ఇవ్వమని షాపులకి చెప్పాం. వచ్చే సోమవారం ఇదే అంకె మళ్ళీ చెప్తాం." అంకెలు ఊహించినవి లెండి. నాలుగు దాటి ఆరు వాక్యాలయ్యాయి.

మాత్రలమూర్తి
ఇది గోడకి అంటించుకుంటా. "పది రోజుల లోపు అయిపోయేవాళ్ళకి ముందు" అన్న లైను నాకు కావాలి. కౌంటర్ దగ్గర నేనంటే గొడవ, పైనుంచి వచ్చిన కాగితం చూపిస్తే ఊరుకుంటారు.

సందేహాలరావు
బానే ఉంది గానీ 24వ రోజున సరుకు రాకపోతే?

రిటైర్డ్_గుమాస్తా
రాలేదని రాస్తా. అందుకే ఈ ముసాయిదా ఏ ఫైల్లోనూ ముందుకి కదలదు.

నీలిసిరా
అప్‌డేట్. నా దగ్గరున్న మూడు నెలల్లో రెండు నెలలది వెనక్కిద్దామని షాపుకి పోతే తీసుకోం అన్నాడు. మూర్తిగారూ, ఇదేం రూలు?

మాత్రలమూర్తి
మీ ఇంట్లో ఎండలో పెట్టారో ఫ్రిజ్ మీద పెట్టారో నాకేం తెలుసండీ, ఒకసారి బయటికి పోయిన మందు మళ్ళీ ఇంకొకరికి అమ్మితే నా లైసెన్సు పోతుంది. దాచుకోండి, ఇంక మూడు నెలలు నా మొహం చూడకండి.

అసలు సంగతి చెప్పలేదు మీకు. నిన్న సరుకు వచ్చింది. కోటాలో అడిగిన దానికన్నా ఎక్కువే పంపాడు మహానుభావుడు. కొనేవాడు ఒక్కడు లేడు, అందరి ఇళ్ళలో మూడేసి నెలలు ఉంది. ఎక్స్‌పైరీ దగ్గరగా ఉన్న బ్యాచ్ అంటగట్టాడు. ఎలా అమ్ముడుపోతాయో తెలీట్లేదు.

గోడమీదపిల్లి
షాపు ముందు బోర్డు పెట్టండి మూర్తిగారూ. "ఈ మందుకి కొరత లేదు, నిల్వలు పుష్కలంగా ఉన్నాయి."